ఒడిలో పుస్తకం: బడికి ముందరి తెలుగు చదువు

తెలుగునాట అక్షరం ఎరుగని బిడ్డ చెవిన మొదట పడే కథలలో ఏడుచేపల కథ ఒకటి. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెడతారు. అందులో ఒకటి ఎండదు. కారణమడిగితే చేప గడ్డిమోపు మీద నెపం పెడుతుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు కాపరి మీద, కాపరి తనకు అన్నం పెట్టని అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లవాడి మీద, పిల్లవాడు తనను కుట్టిన చీమ మీద చెప్పుకుంటారు. చీమ మాత్రం ఎవరినీ నిందించదు. తన పుట్ట జోలికి వచ్చినవాణ్ణి కుట్టడం తన సహజధర్మమన్నట్టు బదులిచ్చి కథను ముగిస్తుంది. ప్రాంతాన్ని బట్టి మోపు కుప్ప కావచ్చు, కాపరి గొల్లవాడు కావచ్చు. కథ నిర్మాణం మాత్రం శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు వరకు ఇంచుమించు ఒకటే.

ఈ కథను సాహిత్య విమర్శకులు పెద్దగా పట్టించుకోలేదు. కొందరు దీనికి వేదాంతార్థాలు చెప్పారు. ఏడుగురు కొడుకులు దేహంలోని సప్తధాతువులనీ, ఎండని చేప మనస్సనీ జరిగిన వ్యాఖ్యానాలు ప్రసిద్ధమే. మూడేళ్ళ బిడ్డకు వాటితో పనిలేదు. బిడ్డకు కావలసినది ప్రశ్న మారకుండా ఉండడం, జవాబు మాత్రం ప్రతిసారీ మారడం. రెండవసారి వినేటప్పటికి ప్రశ్నను బిడ్డే అడుగుతుంది. నాలుగవసారికి జవాబు కూడా తానే చెబుతుంది, అవ్వ పొరపాటున ఆవును దాటవేస్తే పట్టుకుంటుంది. ఒక పని మరొక పనికి కారణమవుతుందన్న సంగతి, ఒకరి మాటకు ఇంకొకరు బాధ్యులవుతారన్న సంగతి, 'ఎందుకు' అన్న మాటకు ఉన్న బలం, ఇవన్నీ ఏ ఉపదేశమూ లేకుండా ఆ బిడ్డకు అందుతాయి.

పాశ్చాత్య దేశాలలో శిశుభాషా పరిశోధకులు ఇటువంటి సంభాషణాత్మక పఠనాన్ని శాస్త్రీయంగా పరీక్షించడం 1980లలో మొదలైంది. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు ప్రచురించిన అధ్యయనంలో రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులకు ఒక చిన్న శిక్షణ ఇచ్చారు. బొమ్మల పుస్తకం చదివేటప్పుడు 'అవును', 'కాదు' అని తేలిపోయే ప్రశ్నలు మానాలి. పిల్లవాడు స్వయంగా చెప్పవలసిన ప్రశ్నలు అడగాలి. వాడన్న చిన్న మాటను పెద్ద వాక్యంగా పెంచి తిరిగి చెప్పాలి. నెల్లాళ్ళపాటు ఇలా సాగిన ఇళ్ళలోని పిల్లలు, మామూలు పద్ధతిలో చదివించుకున్న పిల్లలకంటే మాటలాడే శక్తిలో స్పష్టంగా ముందున్నారని తేలింది. ఏడుచేపల కథ చెప్పే అవ్వలు ఈ పద్ధతిని ఏ శిక్షణా లేకుండానే పాటిస్తూ వచ్చారు. అయితే ఈ మాట చెప్పుకుని తృప్తిపడడంలో ఒక ప్రమాదం ఉంది. కథ చెప్పడం వేరు, పుస్తకం చదివి వినిపించడం వేరు. మనకు మొదటిది సమృద్ధిగా ఉన్నదన్న గర్వంతో రెండవదాని లోటును చాలాకాలం గుర్తించలేదు.

చదవడం వల్ల అదనంగా కలిగేదేమిటి? పుస్తకంలోని వాక్యం ప్రతి రాత్రీ ఒకే రూపంలో తిరిగివస్తుంది. నోటికథలో లేని ఈ స్థిరత్వం వల్ల మాట అనేది మనిషి నోటినుంచే కాక కాగితం మీది నల్లని గీతలనుంచి కూడా పుడుతుందన్న సంగతి బిడ్డకు అర్థమవుతుంది. అక్షరాభ్యాసానికి అసలైన పునాది ఇదే. రెండవ ప్రయోజనం మాటల సంపద. ఇంట్లో పెద్దలు పిల్లలతో మాటలాడే భాష అన్నం, స్నానం, నిద్ర, అల్లరి వంటి విషయాల చుట్టూ తిరుగుతుంది. అమెరికాలో 2015లో వెలువడిన ఒక పరిశీలన నూరు బొమ్మల పుస్తకాలలోని భాషను, పిల్లలతో పెద్దలు జరిపే సంభాషణలతో పోల్చి చూసింది. అదే పరిమాణం గల సంభాషణలో కంటే పుస్తకాలలోనే భిన్నమైన పదాలు ఎక్కువగా కనిపించాయి. వ్రాతభాషకూ మాటభాషకూ మధ్య దూరం విషయమై నూరేళ్ళు వాదించుకున్న తెలుగువారికి ఈ ఫలితం ప్రత్యేకంగా ఆలోచించదగినది.

అతిశయోక్తులకు కూడా తావులేదు. 1995లో ఏడ్రియానా బస్, ఆమె సహపరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి లెక్కించగా, పిల్లల భాషలోను అక్షరజ్ఞానంలోను కనిపించే తేడాలలో సుమారు ఎనిమిది శాతాన్ని మాత్రమే ఇంటి పఠనంతో ముడిపెట్టగలిగారు. ఎనిమిది శాతం చిన్న సంఖ్యేమీ కాదు. కాని ఒడిలో పుస్తకం పెట్టుకున్నంతమాత్రాన పేదరికం వల్ల, పోషకాహారలోపం వల్ల, మంచి బడి లేకపోవడం వల్ల కలిగే నష్టం తీరిపోతుందని ప్రచారం చేయడం సరికాదు. బిడ్డకు చదివి వినిపించడంలోని ఆనందమే దానికి చాలినంత కారణం. లెక్కలు తరువాతి మాట.

తెలుగు సంగతికి రాకముందు వంగదేశాన్ని చూడడం అవసరం. 1910లో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 'టున్‌టునిర్ బోయి' ప్రచురించారు. సాయంకాలం అన్నం తినకుండానే నిద్రలోకి జారుకునే పిల్లలను మేలుకొలిపి ఉంచడానికి తూర్పు బెంగాలులోని స్త్రీలు ఈ కథలు చెబుతారని ఆయన ఆ పుస్తకం ముందుమాటలో వివరించారు. ఎంత నిరాడంబరమైన ప్రయోజనం! నీతి బోధించడానికి కాదు, ప్రాచీన సంస్కృతిని కాపాడడానికి కాదు, వంట అయ్యేదాకా బిడ్డ నిద్రపోకుండా ఉండడానికి. అందులో టున్‌టుని పిట్టకూ మంగలికీ సంబంధించిన కథ మన ఏడుచేపల కథకు దగ్గరి చుట్టం. పిట్టకు కురుపు లేస్తుంది, మంగలి కోయనంటాడు. రాజు మంగలిని శిక్షించనంటాడు, ఎలుక రాజు పొట్ట కొరకనంటుంది, పిల్లి ఎలుకను పట్టనంటుంది. అలా కర్ర, నిప్పు, సముద్రం, ఏనుగు వరకు ఫిర్యాదు సాగి చివరకు దోమ ఒప్పుకోవడంతో ముడి మొత్తం వెనుకనుంచి విడిపోతుంది. ఉపేంద్రకిశోర్ ఈ కథను వ్రాసేటప్పుడు చెప్పే స్త్రీ గొంతును వదలలేదు. వాక్యాలు పొట్టివి, పునరుక్తిని కత్తిరించలేదు, పండితభాషను పుటలోకి రానీయలేదు. అచ్చు యంత్రం తెలిసినవాడు, చిత్రకారుడు, సంగీతజ్ఞుడు కూడా కావడం వల్ల పుస్తకమనేది చెవికీ కంటికీ ఏకకాలంలో చెందవలసిన వస్తువని ఆయనకు తెలుసు.

ఇరవై ఏళ్ళ తరువాత, 1930లో, రవీంద్రనాథ ఠాకూర్ 'సహజ్ పాఠ్' వచ్చింది. అంతకు ముందు వంగబాలుడి మొదటి పుస్తకం 1855లో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు రచించిన 'వర్ణపరిచయ్'. అందులో గోపాలుడు మంచిబాలుడు, రాఖాలుడు చెడ్డబాలుడు. రవీంద్రుడు ఈ ఇద్దరినీ పక్కనపెట్టి అక్షరాలనే పాత్రలుగా చేశాడు. నందలాల్ బోస్ లినోలియం మీద చెక్కిన నలుపు తెలుపు చిత్రాలు ఆ పుటలకు ప్రాణం పోశాయి. రంగులు లేకపోవడం అక్కడ లోపం కాదు. నల్లని నేపథ్యంలో తెల్లగా వెలిగే మనిషి, చెట్టు, పడవ చూసి బిడ్డ తానే మాటలు వెదుక్కోవాలి. అక్షరమాల పుస్తకాన్ని కవిత్వంగా భావించిన ధైర్యానికి ఇది నిదర్శనం. ఒక జాతి మహాకవి, ఒక మహాచిత్రకారుడు కలిసి తమ ప్రౌఢవయస్సులో అయిదేళ్ళవారి కోసం పనిచేయడాన్ని ఆ భాషలో ఎవరూ చిన్నతనంగా భావించలేదు.

తెలుగులో అటువంటి సంగమం జరగలేదు. పంతొమ్మిదవ శతాబ్దంలో రూపొందిన 'పెద్ద బాలశిక్ష' ఒక విజ్ఞానసర్వస్వం. తరతరాలు దానితో అక్షరాస్యులయ్యారు, ఆ ఋణం కాదనలేనిది. కాని దాని స్వభావం కంఠస్థం చేయించడం. గుణింతం, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు, సంవత్సరాల పేర్లు, నీతివాక్యాలు ఒక క్రమంలో అప్పజెప్పవలసినవి. ఒడిలో కూర్చున్న బిడ్డ పుట మీద వేలు పెట్టి 'ఇదేమిటి' అని అడగడానికి అందులో చోటు లేదు. బాలుడంటే చిన్న పండితుడన్న భావన ఆ గ్రంథానిది. ఇప్పటికీ పుస్తకాల దుకాణాలలో 'మూడేళ్ళ పిల్లల కోసం' అని పేరుపెట్టి అమ్మే పుస్తకాలలో సగానికి పైగా ఈ భావనకే రంగులు పూసినవి.

వ్యావహారిక భాషోద్యమం వల్ల శిశుసాహిత్యానికి కలిగిన మేలు గురించి తగినంత చర్చ జరగలేదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే వాచకాలు వ్రాసి, బడులు పెట్టించారు. పసివాడికి తెలిసిన భాషనుంచే చదువు ఆరంభం కావాలన్న సూత్రం ఆయనకు తెలుగు పండితులతో వాదానికి ముందే సవర పల్లెలలో బోధపడింది. ఆయన కుమారుడు గిడుగు వేంకట సీతాపతి పిల్లల పాటలు రచించి తెలుగు బాలసాహిత్యానికి ఆద్యులలో ఒకరుగా నిలిచారు. తండ్రి వాదం కుమారుడి పాటలో ఫలించిందనడం చరిత్ర దృష్ట్యా అతిశయం కాదు. విద్యాశాఖలో పనిచేసిన చింతా దీక్షితులు పిల్లల నోటి పాటలను సేకరించి, 'సూరి సీతి వెంకి', 'లక్కపిడతలు' వంటి రచనలలో పిల్లల మాటతీరును వచనంలోకి తెచ్చారు. దీక్షితులు పాత్రలు పెద్దలను అనుకరించి మాటలాడవు. వాటి మాటలో తొందర ఉంటుంది, మధ్యలో మరచిపోవడం ఉంటుంది, అకారణమైన సంతోషం ఉంటుంది. బిగ్గరగా చదివితే ఆ వచనం అందం రెట్టింపవుతుంది. దీక్షితులు రచనలు నందలాల్ వంటి చిత్రకారుడి చేతికి అందకపోవడం తెలుగు దురదృష్టం.

తరువాతి ఘట్టం ఆకాశవాణిది. మద్రాసు కేంద్రంలో రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా ప్రసిద్ధులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో 'బాల' పత్రిక ఆరంభించారు. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ, బాపు తొలినాటి బొమ్మలు అందులో వచ్చినవే. 'బాల'లోని పాటలు, కథలు మైకు ముందు పలికి చూసినవారి రచనలు, అందువల్ల నోటికి సులువుగా వస్తాయి. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషలలో వెలువడిన 'చందమామ' తరువాతి కాలంలో అనేక భారతీయ భాషలకు విస్తరించి, 2010 దశకంలో ఆగిపోయేవరకు మూడు నాలుగు తరాలను పెంచింది. దాని వచనం నిరాడంబరం, శుభ్రం. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్యల చిత్రాలు తెలుగువారి ఊహలో రాజులకు, రాక్షసులకు శాశ్వతరూపాలిచ్చాయి. అయినా 'చందమామ' ఎనిమిదేళ్ళు దాటినవాడి పత్రిక. అన్న చదువుతుంటే తమ్ముడు బొమ్మ చూసేవాడు. తమ్ముడి కోసమే చేసిన పుస్తకం తెలుగు ఇళ్ళలో అరుదు.

ఆ ఖాళీని కొంతకాలం పూరించినది, విచిత్రంగా, మాస్కో నగరం. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు అచ్చువేసి పంపిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలోను, సంచార పుస్తకశాలలలోను అతి తక్కువ ధరకు దొరికేవి. పెద్ద పుట, దట్టమైన కాగితం, ప్రతి పుటలోను ఒక చూపుకు లొంగని బొమ్మ. మంచు కురిసే ఊళ్ళు, బండి లాగే ఎలుగుబంట్లు, ముసలివాడు పీకలేని ముల్లంగి కథ. ఈ కథలో ముసలివాణ్ణి అవ్వ, అవ్వను మనుమరాలు, మనుమరాలిని కుక్క, కుక్కను పిల్లి పట్టుకుని లాగుతారు. చివరకు ఎలుక చేయి వేస్తేగాని దుంప పైకి రాదు. ఎండని చేప, కురుపు లేచిన పిట్ట, ఊడిరాని దుంప ఒకే కుదురులోనివని గుర్తించడానికి తులనాత్మక జానపద శాస్త్రం చదవనక్కరలేదు. ఉప్పల లక్ష్మణరావు వంటి అనువాదకులు మాస్కోలో కూర్చుని తెలుగు నుడికారాన్ని మరువకుండా పనిచేశారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నంతో ఈ వనరు ఆగిపోయింది. రాజకీయ ప్రయోజనాలు ఏవైనా, ఒక విదేశీ ప్రభుత్వం తెలుగు పసివాడి కంటికి చూపిన మర్యాద దేశీయ ప్రచురణరంగం చాలా ఆలస్యంగా నేర్చుకుంది.

దేశీయ ప్రయత్నాలు లేకపోలేదు. 1957లో నేషనల్ బుక్ ట్రస్టు ఏర్పడింది. అదే సంవత్సరం వ్యంగ్యచిత్రకారుడు శంకర్ చిల్డ్రన్స్ బుక్ ట్రస్టు స్థాపించారు. నెహ్రూ బాల పుస్తకాలయం శీర్షికన వెలువడిన పుస్తకాలు అస్సామీ బిడ్డ, తెలుగు బిడ్డ, కాశ్మీరీ బిడ్డ ఒకే బొమ్మను చూసి నవ్వేటట్టు చేశాయి. మిక్కీ పటేల్ బొమ్మలలోని అల్లరి, పులక్ బిశ్వాస్ రేఖలోని నిబ్బరం ఏ దేశపు చిత్రకారులకూ తీసిపోవు. జాతీయ సమైక్యత అన్న మాట ఉపన్యాసాలలో అరిగిపోయినా, ఈ బొమ్మల పుస్తకాలలో దానికి అర్థం మిగిలి ఉంది.

కాని ఈ పద్ధతిలోనే ఒక చిక్కు దాగి ఉంది. ఒకే బొమ్మను అన్ని భాషలకూ కలిపి అచ్చువేసి, మాటలను మాత్రం భాషభాషకూ మార్చినప్పుడు, మాటలకు వదిలిన జాగా హిందీ లేక ఇంగ్లీషు వాక్యం పొడవును బట్టి నిర్ణయమవుతుంది. తెలుగు పదం స్వభావతః పొడవైనది. విభక్తి, క్రియ, కాలం అన్నీ ఒకే పదంలో ఒదిగి వస్తాయి. ఒత్తులకూ గుణింతాలకూ పంక్తుల మధ్య ఎడం కావాలి. ఇరుకైన జాగాలో ఇమడ్చడానికి అక్షరాల పరిమాణం తగ్గిస్తారు, లేదా వాక్యాన్ని కుదిస్తారు. కుదించేటప్పుడు మొదట పోయేవి 'కదా', 'మరి', 'అబ్బో', 'అయ్యో' వంటి మాటలు. అర్థానికి అవి అనవసరమనిపిస్తాయి. చదివి వినిపించేవారికి ఊపిరి అవే.

అనువాదభాష సంగతి ఇంతకంటే ముఖ్యమైనది. 'పిల్లి పాలను త్రాగుచున్నది' వంటి వాక్యం పుటలో ఉంటే చదివే తల్లి దానిని 'పిల్లి పాలు తాగుతోంది' అని మార్చుకుని చదువుతుంది. కడపలో 'తాగుతాంది' అనీ, వరంగల్లులో 'తాగుతున్నది' అనీ చదువుతుంది. పిల్లల పుస్తకాన్ని చదివే ప్రతి తెలుగు తల్లీ ఈ విధంగా అప్పటికప్పుడు సంపాదకురాలవుతుంది. ఇది ఆమె నేర్పుకు గుర్తే. కాని పుస్తకపఠనంలోని మొదటి ప్రయోజనమైన స్థిరత్వం ఇక్కడ చెడుతుంది. నిన్న ఒక మాట, నేడు ఒక మాట వినబడితే, నల్లని గీతలకూ ఆ మాటలకూ సంబంధం ఉందని బిడ్డ ఎలా పోల్చుకోవాలి? అచ్చైన వాక్యం మార్చకుండా పలకదగినదిగా ఉండాలి. పసిపిల్లల పుస్తకాన్ని పరీక్షించడానికి ఇంతకంటే కఠినమైన గీటురాయి లేదు, దీనిపై నిలిచే తెలుగు పుస్తకాలు తక్కువ.

తెలుగులో ఈ పనికి వనరులు లేకనా? గలగల, జలజల, టపటప, బిరబిర వంటి ధ్వన్యనుకరణాలు వందలలో ఉన్నాయి. పులీ గిలీ, పుస్తకం గిస్తకం అని అంటూ పోయే జంటమాటల సరదా ద్రావిడభాషల సొత్తు. బువ్వ, లాల, తాయిలం, బూచి వంటి లాలిభాష ఉంది. ఊ కొట్టడం అనే అలవాటు ఉంది. వినేవాడి ఊకారం లేకుండా తెలుగు కథ ముందుకు సాగదు. వినేవాడికి ఇంతటి అధికారమిచ్చిన కథనసంప్రదాయం, పుస్తకం వద్దకు వచ్చేసరికి అతణ్ణి మౌనంగా కూర్చోమంటుంది.

గత పాతికేళ్ళలో పరిస్థితి కొంత మారింది. చెన్నైలో 1996లో ప్రారంభమైన తూలిక సంస్థ ఒకే పుటలో ఇంగ్లీషు, భారతీయ భాషలు పక్కపక్కన ఉండే పుస్తకాలు తెచ్చింది. 2004లో బెంగుళూరులో ఏర్పడిన ప్రథమ్ బుక్స్ తక్కువ ధర పుస్తకాలను పెద్ద సంఖ్యలో అచ్చువేసి, 2015లో 'స్టోరీవీవర్' ద్వారా వాటిని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచింది. హైదరాబాదులోని మంచి పుస్తకం ప్రచురణలు సోవియట్ కాలపు పుస్తకాలను కూడా తిరిగి వెలుగులోకి తెచ్చాయి. గిజూభాయి బధేకా 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా ఉపాధ్యాయుల చేతికి వచ్చింది. 1920లో భావనగరంలో బాలమందిరం నడిపిన గిజూభాయి కథను క్రమశిక్షణకు సాధనంగా, పఠనానికి ద్వారంగా ప్రయోగించి చూపారు. పరిమాణం పెరిగినంతగా సంపాదకత్వం పెరగలేదన్నది మాత్రం ఒప్పుకోవలసిన సంగతి. ఉచిత అనువాదాలలో ఒకే పుటలో గ్రాంథికం, వ్యావహారికం, యంత్రానువాదపు వాసన కలగలిసి కనిపించడం అరుదు కాదు.

పుస్తకం ఉన్నా చదివేవారెవరన్న ప్రశ్న మిగులుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత సుమారు 59 శాతం. పదిమంది తల్లులలో నలుగురికి, అవ్వలలో అంతకంటే ఎందరికో, పుస్తకం మూసిన తలుపు. 'తల్లిదండ్రులు రోజుకు పదిహేను నిమిషాలు చదివి వినిపించాలి' అని కరపత్రాలు పంచడం ఇటువంటి ఇళ్ళకు ఉపకారం చేయదు, చిన్నబుచ్చుతుంది. మాటలు లేని బొమ్మల పుస్తకం ఇక్కడ విలువైనది. బొమ్మల వరుసను చూసి అవ్వ తన కథను చెబుతుంది, పుటలు తిప్పడం బిడ్డ నేర్చుకుంటుంది. మూడవ తరగతి చదివే అక్క చెల్లెలికి చదివి వినిపించడం ఇంకొక మార్గం. అక్క తడబడుతూ చదువుతుంది, పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అవ్వ కథను సరిదిద్దుతుంది. ముగ్గురికీ ఒకే పుస్తకంతో పనిపడే ఈ దృశ్యాన్ని పాశ్చాత్య అధ్యయనాలు అంతగా పట్టించుకోలేదు. ఒక తల్లి, ఒక బిడ్డ, ఒక దీపం అన్నది వాటి చిత్రం. మన ఇంటి చిత్రంలో జనం ఎక్కువ.

భాష వేరైన ఇళ్ళలో సమస్య మరింత లోతైనది. కోయ, గోండి, సవర, కొలామి మాటలాడే బిడ్డకు అంగన్‌వాడీలో వినిపించే తెలుగు కథ మొదట శబ్దం మాత్రమే. 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక వాచకాలు తయారుచేసి బోధించే ప్రయత్నం జరిగింది. గిడుగువారు ప్రారంభించిన పనికి శతాబ్దం తరువాత దక్కిన అధికారిక గుర్తింపు అది. కాని ఆ వాచకాలు ఒకటవ తరగతితో మొదలయ్యాయి. అంతకు ముందరి మూడేళ్ళ వయసుకు ఆ భాషలలో బొమ్మల పుస్తకాలు వేళ్ళమీద లెక్కపెట్టదగినన్ని కూడా అందలేదు.

అంగన్‌వాడీ అన్న పేరులోనే ముంగిలి ఉంది. తారాబాయి మోదక్ 1940లలో బోర్డీ ప్రాంతంలో పిల్లలు బడికి రాకపోతే బడినే వారి ముంగిళ్ళకు తీసుకువెళ్ళారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమీకృత శిశు అభివృద్ధి పథకం ఆ ఆలోచనను దేశవ్యాప్తం చేసింది. పోషకాహారం, టీకాలు, తూకం ఆ పథకంలో ముందువరుసలో నిలిచాయి. అది సహజం, ఆకలితో ఉన్న బిడ్డకు కథ తరువాతిదే. పూర్వప్రాథమిక విద్య కూడా పథకం తొలినుంచి చెప్పిన సేవే అయినా నివేదికలలో దానికి తూకంలో చూపగల అంకె లేదు. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ద్వారా 45వ అధికరణం ఆరేళ్ళలోపు పిల్లలందరి సంరక్షణను, విద్యను రాజ్యం బాధ్యతగా పేర్కొన్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకు ఒకే పునాది దశగా భావించింది. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళికా చట్రంలో కథకు, పాటకు, బిగ్గరగా చదవడానికి గౌరవస్థానం లభించింది.

ఈలోగా పట్టణాలలో మరొక ధోరణి బలపడింది. 1993లో యశ్‌పాల్ సంఘం నర్సరీ ప్రవేశానికి పసిపిల్లలను పరీక్షించే పద్ధతిని రద్దు చేయాలని సిఫార్సు చేసింది. 2009 విద్యాహక్కు చట్టం అటువంటి పరీక్షలను నిషేధించింది. అయినా మూడేళ్ళ చేతికి పెన్సిలు ఇచ్చి నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దించడమే చదువన్న నమ్మకం తగ్గలేదు. చదివి వినిపించడం అక్కడ కాలహరణం. దిద్దిన పుట చూపి రుసుము అడగవచ్చు. విన్న కథను ఏ పుటలో చూపాలి?

ప్రభుత్వ కేంద్రాలలో చిక్కు వేరు. పుస్తకాలు వస్తాయి, స్టాక్ రిజిస్టరులో నమోదవుతాయి, బీరువాలోకి వెళతాయి. చిరిగినా పోయినా సంజాయిషీ ఇవ్వవలసినది కార్యకర్తే. నెలకు అరకొర గౌరవవేతనం అందుకునే స్త్రీ, తన బాధ్యతపై ఉన్న పుస్తకాన్ని ముక్కు కారే పాతికమంది పిల్లల చేతుల్లో పెట్టడానికి జంకడంలో ఆశ్చర్యమేమీ లేదు. తనిఖీనాడు బీరువా తెరిస్తే పుస్తకాలు కొత్తవిగా మెరుస్తాయి, తనిఖీ అధికారి మెచ్చుకుంటాడు. పసిపిల్లల పుస్తకం విషయంలో ఈ మెప్పు తలకిందులైనది. ఏడాది గడిచినా మూలలు నలగని పుస్తకాన్ని గురించే సంజాయిషీ అడగాలి. బొమ్మల పుస్తకాన్ని బల్ల, గంట, తూనిక యంత్రాల వరుసలో కాక సుద్దముక్కల వరుసలో, అంటే అరిగిపోయే వస్తువుగా లెక్కకట్టే చిన్న మార్పు, చాలా పెద్ద పథకాలకంటే మేలు చేయగలదు.

కొనుగోలు సంఘాల తీరు కూడా ఇటువంటిదే. కాగితం మందం కొలుస్తారు, రంగుల సంఖ్య లెక్కపెడతారు, కుట్టు గట్టిదనం చూస్తారు. ఇవి అవసరమే. ఒడిలో చదివే పుస్తకం త్వరగా విడిపోరాదు. పుస్తకంలోని నాలుగు పుటలను ఒక సభ్యుడు బిగ్గరగా చదవడం, తక్కినవారు వినడం అన్న నియమం మాత్రం పరిశీలన పత్రాలలో కనబడదు. అలా చదివితే పలకని వాక్యం మొదటి పుటలోనే దొరికిపోతుంది. ఆ గదిలో ఏ జిల్లాకు చెందిన సభ్యుడు ఏ మాట దగ్గర ఆగాడో వ్రాసుకుంటే, అచ్చుకు పంపేముందు సంపాదకుడు సరిదిద్దవలసిన చోట్లు కూడా తెలుస్తాయి.